పోతా, పోయొస్తా

మూఢనమ్మకాల మీద నేను రాసే ప్రతి వ్యాసాన్నీ ముందుగా చదివేది నా భార్యే. తప్పులు దిద్దుతుంది, ఒప్పుకుంటుంది, తర్వాత ఆ కాగితాలు పరుచుకుని అనపగింజలు పితుకుతుంది.

ఆమెను మొదట చూసింది కేజీఎఫ్‌లో, శకునాల మీద జరిగిన ఒక చర్చలో. నా పక్షాన మాట్లాడింది. ప్రేమించడానికి అంతకన్నా హేతువేం కావాలి?

ఆమె తండ్రి బంగారు గనిలో డ్రిల్లింగ్ మనిషి. పిల్లనడగడానికి పోయి, జాతకం వద్దు, ముహూర్తం వద్దు, రాహుకాలంలోనే పెళ్ళి అన్నాను.

"చేసుకోప్పా. ఆ పొద్దు రిజిస్ట్రారాఫీసు కాలీగా ఉంటాది," అన్నాడాయన.

ఇంత సులువా అని పొంగిపోయి, కాఫీ తాగి లేచాను. "సరే మామా, నేను పోతా."

ఆయన నోటిదాకా పోయిన గ్లాసు ఆగింది. "పోయొస్తా అను."

"రెండింటికీ అర్థం ఒకటే కదా?"

"అర్థం ఒకటే అయితే అనేదానికి నీకేం కష్టం?"

అయినా వదల్లేదు. మాటలు గని కప్పును నిలబెట్టవని ఉపన్యాసం మొదలుపెట్టాను.

"షాఫ్టులోకి దిగేవాళ్ళం మేము పోతా అనము. అనేవాడికి పిల్లనియ్యము."

వంటింటి గడపలోంచి ఆమె అంది: "పోనీలే నాయనా. పోతానంటా ఉండాడు కదా, పోనీ."

ఒక కాలికి చెప్పు వేసుకున్నాను. రెండోది వేసుకోబుద్ధి కాలేదు. "పోయొస్తా," అని గొణిగాను.

"వినపడలే. డ్రిల్లింగ్ మిషన్ కాడ పనిచేసిన చెవులప్పా ఇవి. గట్టిగా చెప్పు."

ఆ గని కార్మికుల లైన్ ఇళ్ళన్నిటికీ వినపడేట్టు అరిచాను. పెళ్ళయింది.

ఆ తర్వాత సిద్ధాంతం సిద్ధాంతమే. మాలూరులో ఉపన్యాసానికి బయల్దేరినా, సందు చివరికి పాలకు బయల్దేరినా "పోతా" అనే అంటాను. లోపల్నుంచి ఆమె "వస్తాడు" అని చేరుస్తుంది. మా ఇంట్లో మూఢనమ్మకం ఆమె వాటా.

పోయినేడు కోలారు ఆస్పత్రిలో ఆమెకు పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్. థియేటర్ తలుపు దగ్గర, స్ట్రెచర్ మీద పడుకుని నవ్వింది.

"పోతా."

నర్సు తోస్తోంది. నేను స్ట్రెచర్ కమ్మీ పట్టుకున్నాను. "పోయొస్తా అను."

"రెండింటికీ అర్థం ఒకటే కదా?"

"అర్థం ఒకటే అయితే అనేదానికి నీకేం కష్టం?"

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "వినపడలే."

"పోయొస్తా అనవే!"

వరండా అంతా తిరిగి చూసింది. నర్సు నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"పోయొస్తాలే," అంది ఆమె. "అరవద్దు. మీ హేతువాద సభవాళ్ళెవరన్నా వింటారు."