ఎర్ర ఓడ గురుతు

జుమాత్‌కి అరవై మూడేళ్లు. తెల్లవారగానే చద్దన్నంలో నెత్తళ్ల కారం కలుపుకు తిని, నడుం పట్టుకుని పడవలోకి దిగుతాడు. రెండు దేశాల నడుమనున్న జొహోర్ జలసంధిలో నీళ్ల మీద హద్దు గీతలుండవు. ఇక్కడి జాలరులు ఒడ్డున కొండనీ, నీళ్లలో మరో గురుతునీ ఒకే వరసలోకి తెచ్చుకుని తమ చోటు పోల్చుకుంటారు. రేవులో ఖాళీ లేక పంతొమ్మిది రోజులుగా లంగరేసుకున్న ఎర్ర ఓడే ఈమధ్య జుమాత్ గురుతు. దాన్ని దాటితే అవతలి దేశం. ఆ ఉదయం ఆ ఓడకి రేవులో చోటు దొరికింది. అది వెళ్లిపోయాక ఇంకో ఎర్ర ఓడ వచ్చి, కాస్త అవతలి దేశం వైపుగా ఆగింది. జుమాత్ పాతదే అనుకుని వల వేశాడు.

“బాబాయ్, హద్దు దాటావు! వల తియ్యి!” అని అవతలి దేశపు గస్తీ పడవ మీంచి పోలీసు అరిచాడు.

“నేను దాటలేదు నాయనా, ఓడ దాటింది.”

ఇంతలో ఇవతలి గస్తీ పడవ ఉరికొచ్చింది. “ఈ నీళ్లు మనవే! తియ్యకు బాబాయ్!”

తియ్యమని ఒకరు, తియ్యొద్దని ఒకరు. ఆ రెండు పడవల నడుమ వల చిరిగిపోయింది. జుమాత్ మిగిలింది చుట్టుకుని ఇంటికొచ్చాడు.

“చేపలేవి?” అంది భార్య కల్సోమ్.

“ఇవాళ అరుపులే పడ్డాయి.”

పొద్దుపోయేదాకా వల కుట్టుకున్నాడు. మర్నాడు ఓడల వంక చూడలేదు. నిన్నటి గస్తీ పడవలు రెండూ ఎదురెదురుగా, అంగుళం కదలకుండా అక్కడే ఉన్నాయి. వాటినే గురుతు పెట్టుకుని వల వేశాడు.