అందరికీ ఇరవైకి ఇరవై

లారూసీ గారు, మా నోట సీ లారూసీ, మా బడికి డైరెక్టరయి రెండేళ్ళే. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పాడు, అందులో సగం నిరసనగా చేతికి ఎర్ర గుడ్డ కట్టుకునే చెప్పాడు. సమ్మె అంటే ఆయనకు పెళ్ళి పిలుపే. మార్కులు ఆపే విద్య మా బడికి తెచ్చింది కూడా ఆయనే. పరీక్షలు పెడతారు, పేపర్లు దిద్దుతారు, ఎవరికెన్నో పిల్లలకు చెప్పేస్తారు. మార్కుల జాబితా మాత్రం డైరెక్టర్‌కివ్వరు. రొట్టెల కొట్టువాడికి కూడా తెలిసిన మార్కులు డైరెక్టర్‌కొక్కడికే తెలియవు. జాబితా లేకపోతే సర్కారు లెక్కలో ఫలితాలే లేవు.

ఈ జూన్‌లో ఆ విద్య ఆయన మీదకే వచ్చింది. కాంట్రాక్టు మేష్టర్లను పర్మనెంటు చేయమని రాజధాని ట్యూనిస్‌లో సర్కారుతో చర్చలు నడుస్తున్నాయి. తేలేదాకా మార్కులు ఇచ్చేది లేదని మా బడి సంఘం నాయకురాలు మదామ్ ఫౌజియా చెప్పేసింది. జిల్లా ఆఫీసరేమో శనివారం మధ్యాహ్నంలోగా జాబితాలు రాకపోతే కుర్చీ దిగమన్నాడు. కుర్చీతో పాటు బడి వెనకాల ఇల్లూ పోతుంది. ఆ పెరట్లో ఆయన భార్య లల్లా జొహ్రా అప్పుడే కోళ్ళగూడు కట్టించుకుంది.

"ఫౌజియా, తల్లీ, ఒక్క క్లాసువైనా ఇవ్వు," అన్నాడు సీ లారూసీ.

"మాకీ పని నేర్పిందెవరు సీ లారూసీ?"

"నేనే, ఒప్పుకుంటా. అప్పట్లో ఈ గదిలో కూర్చున్నోళ్ళంతా దొంగలే అనుకునేవాణ్ణి. ఇప్పుడిక్కడ్నించి చూస్తే మీరంతా మొండిఘటాల్లా కనిపిస్తున్నారు."

"కుర్చీ ఎత్తుగా ఉందేమో, కాస్త దిగి చూడండి."

"దిగమనే అంటున్నాడమ్మా ఆఫీసరు!"

ఆమె నవ్వింది గానీ జాబితాలున్న సంచీ విప్పలేదు.

శుక్రవారం ఆఫీసరు ఫోన్‌లో ఉపాయం చెప్పాడు. "పిల్లలకు తెలుసు కదా? వాళ్ళనే అడిగి రాసేయండి."

అదే జరిగితే సమ్మె తుస్సుమంటుంది. సీ లారూసీ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. శనివారం పొద్దున్నే పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. ముందు నిలబడ్డవాడు షిహాబ్. వాడికి లెక్కల్లో ఆరు అని ఊరంతా తెలుసు.

"లెక్కల్లో ఎంతరా?"

"ఇరవై, సీ లారూసీ."

"నీకు భాగహారమే రాదు కదరా!"

"ఇప్పుడొచ్చింది."

ఆయన వాడి మొహంలోకి చూశాడు. ఈ మొహాలు ఆయనకు కొత్త కాదు. ఆయన మాకు పాఠాలు చెప్పే రోజుల్లో నేను ఆయన కుర్చీకి జిగురు పూసి "నేను కాదు" అన్నప్పుడు నాదీ ఇదే మొహం. ఈసారి చెవి మెలిపెట్టలేదు. మీసం సవరించుకుని ఇరవై అని రాశాడు. వెనకాల వరసలో గుసగుస పాకింది. మూడొందల పన్నెండు మంది, ఒక్కడు కూడా ఇరవైకి తగ్గలేదు.

పన్నెండు కొట్టకముందే జాబితాలు ఆఫీసుకు చేరాయి.

సోమవారం ఆఫీసరు ఊగిపోతూ దిగాడు. "ఇదేం ఎగతాళి? బడి మొత్తానికి ఇరవైయ్యా?"

"మీరు అడగమన్నారు, అడిగాను. వాళ్ళు చెప్పారు, రాశాను."

"ఇవన్నీ తప్పుడు మార్కులు!"

"అయితే అసలువి తెచ్చి పక్కన పెట్టండి, దిద్దేస్తాను."

అసలువి వరండాలో మదామ్ ఫౌజియా చంకలో ఉన్న సంచీలో ఉన్నాయి. ఆమె గుమ్మంలోంచి తొంగిచూసింది.

"చర్చలు తేలగానే ఇస్తాం సార్. ట్యూనిస్‌కు కాస్త తొందరపెట్టండి."

ఆఫీసరు కారెక్కాడు. కుర్చీ సంగతి ఎత్తనేలేదు. పెరట్లో కోళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు గింజలేరుకుంటున్నాయి.