పాత వర్షన్‌ల ఆగిన బండి

కంప్యూటర్ ముందల కూసున్నోడల్లా ఇంజనీరేనని ఊరు నమ్మిన రోజులవి. నేను గూడ నమ్మిన. తొమ్మిదిల బడికి దండం పెట్టి (బడి నాకు అంతకంటె పెద్ద దండం పెట్టింది) భద్రాచలంల ఒక సేటు నడిపే అంబులెన్స్ ఆఫీసుల చేరిన. సేటు అల్లుడు పట్నం నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చిండు. తెరమీద డబ్బాలు గీసి బాణాలతోని కలపాలె: ఫోన్ రావుడు ఒక డబ్బా, ఏ బండి పోవాలె ఒక డబ్బా, ఏ తొవ్వల పోవాలె ఒక డబ్బా. గీసినంక ‘పబ్లిష్’ నొక్కితే డ్రైవర్ల ఫోన్లకు పోతది. మార్చి మల్ల నొక్కితే కొత్త వర్షన్. కాని పాత వర్షన్‌ల మొదలైన కేసు పాతదాంట్లనే నడిచి పాతదాంట్లనే అయిపోవాలె, నడిమిట్ల దూకనియ్యదు. అల్లుడు ఈ ముచ్చట ఇంగ్లీషుల చెప్పిండు, నేను తలకాయ తెలుగుల ఊపిన.

ఆ ఏడు ముసురుల మా చిన్నాయనకు పాము కరిచింది. ములకలపల్లి అవతల, అడివి అంచు పత్తిచేన్ల. పొద్దుగాల్నుంచి పసరు పోసుకుంట కూసున్నరట. కాలు నల్లబడ్డంక చిన్నమ్మ ఫోన్ చేసింది. “బిడ్డా, జల్దీ బండి పంపియ్. మనిషి మాట ముద్దగొస్తాంది.” కేసు ఎక్కించిన. హారన్ మామ బయల్దేరిండు. (ఖాళీ రోడ్డు మీద గూడ హారన్ కొట్టే డ్రైవర్ ఆయన.) అంతల్నే వాగు బ్రిడ్జి మీదికెక్కిందని కబురొచ్చింది. తొవ్వ డబ్బా తీసి పై రోడ్డు పెట్టి పబ్లిష్ నొక్కి, పెద్ద పని చేసినట్టు చేతులు దులుపుకున్న. మామ ఫోన్ల మాత్రం ఇంక వాగు తొవ్వనే చూపిస్తాంది. ఆయన కేసు పాతదాంట్ల మొదలైంది గద. ఫోన్ కొట్టిన.

“మామా, పాత వర్షన్‌ల పోకు. కొత్త వర్షన్‌ల పో.”

“ఏందిరా? సిగ్నల్ లేదు.”

“పాత వర్షన్ వద్దు. కొత్త వర్షన్.”

“అవ్, సమజైంది.”

ఆయనకు సమజైందేందంటే, ఈ వర్షంల పోవద్దు, ఇది తగ్గినంక వచ్చే కొత్త వర్షంల పోవాలె. పిలగాడు నా పానం గురించి ఎంత సోంచాయిస్తుండు అనుకొని, రోడ్డు పక్క హోటల్ కాడ బండి ఆపి చాయ్ చెప్పిండు.

చిన్నమ్మ మల్ల చేసింది. “బండేది బిడ్డా? కండ్లు మూస్తుండు.” నేను మామకు చేసిన.

“ఏడున్నవ్ మామా?”

“హోటల్ కాడ. ఇది ఇంక తగ్గలేదురా. కొత్తది ఎప్పుడు పడ్తదో నీ కంప్యూటర్ల ఏమన్న చూపిస్తుందా?”

“వాన గాదు మామా, తొవ్వ. వాగు దిక్కు వద్దు, పై రోడ్డు పట్టు.”

“అట్ల తెలుగుల చెప్పొచ్చు గదరా,” అన్నడు. చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు నాకు ఫోన్ల ఇనిపించింది.

ఆ తర్వాత మామ బండిని ఉరికిచ్చిండు, చిన్నాయనను ఎక్కిచ్చుకొని దవాఖానా దిక్కు తిప్పిండు. చిన్నమ్మ ఒళ్ళె తలకాయ పెట్టుకొని చిన్నాయన, “గింత హారన్ ఎందుకురా, పాము ఎప్పుడో పోయింది,” అన్నడట. అదే ఆఖరి మాట. దవాఖానా గేటు కనపడే ముందల్నే పానం పోయింది. పసరు ఎంత టైము మింగిందో, చాయ్ ఎంత మింగిందో ఎవ్వరం లెక్క తియ్యలే. దవాఖానాకు చేరంగనే డ్రైవర్ ‘చేరినం’ అని నొక్కాలె, అప్పుడే కేసు అయిపోతది. మామ నొక్కలే. “ఎవర్ని చేర్చిన్నని నొక్కాలెరా,” అన్నడు.

వానలు పోయినంక సేటు, “ఆ పాత వర్షన్ తీసెయ్ బేటా, ఉత్తగ అడ్డం,” అన్నడు. తీసెయ్యబోతే సాఫ్ట్‌వేర్ అడిగింది: దీంట్ల ఒక కేసు ఇంక నడుస్తాంది, ముగించాల్నా? తెరిచి చూస్తే చిన్నాయన పేరు, పక్కన వాగు తొవ్వ. ‘వద్దు’ నొక్కిన. “పోతలేదు సేట్, మొండికేసింది,” అని చెప్పిన. సేటు ఆ కంప్యూటర్ని రెండు బూతులు తిట్టి నమాజుకు పోయిండు.

ఇప్పుడు నేనే కొత్త పిలగాండ్లకు ఈ పని నేర్పిస్తున్న. నడుస్తున్న కేసు ముగించకుంట వర్షన్ పోదని పెద్ద సారు లెక్క చెప్త. చెప్పినప్పుడల్లా అప్పటి నేను యాదికొచ్చి మీసంల నవ్వుకుంట. ఏం తెల్వదు వానికి. ఆ ఒక్కటి నొక్కకపోతే చిన్నాయన ఇంక తొవ్వలనే ఉంటడనుకున్నడు.