చింతపండుతో తోమిన ఇంజను

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, పుస్తకంలో రాసి ఉన్న పని ఏదైనా మనం చేసేయవచ్చని నాకు గట్టి నమ్మకం ఉండేది. కొవ్వూరు నుంచి రోజూ బస్సులో గోదావరి దాటి, రాజమండ్రిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి వచ్చేవాణ్ణి. నాన్న పోయిన నెల్లాళ్ళకి, మా షెడ్డులో ఉన్న పాత అంబాసిడర్ ఇంజన్ని విప్పి మళ్ళీ కడతానని ఇంట్లో ప్రకటించింది ఆ నమ్మకంతోనే. (అప్పటిదాకా నేను విప్పి, మళ్ళీ బిగించగలిగిన యంత్రం టార్చిలైటు ఒక్కటే.)

నాన్న మంచం పట్టాక ఆ కారు ఏడాదిన్నర కదల్లేదు. ఇంజను బిగుసుకుపోయింది. పెద్దకర్మ అయ్యాక మేనత్త, అంటే నాన్నకి అక్కగారు, దాన్ని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేయమంది. "అది అలా షెడ్డులో పడుంటే, వాడింకా మంచం మీదే ఉన్నట్టుందిరా" అంది. ఆ ఏడాది అమ్మ దేని గురించీ ఏమీ అనేది కాదు. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఆదివారం పూట నాన్న బానెట్ ఎత్తి నన్ను పిలిచేవారు. వస్తున్నానని ఇంకో పేజీ తిప్పేవాణ్ణి. నేను వెళ్ళేసరికి బానెట్ మూసేసి ఉండేది. ఈ సంగతి అత్తయ్యకి చెప్పలేక, ఇంజను బాగుపడుతుందని మాత్రం వాదించాను. చివరికి ఆవిడే ఒక గడువు పెట్టింది: సంవత్సరీకం లోపు కారు కదిలితే ఇంట్లో ఉంటుంది, లేకపోతే తూకానికి పోతుంది.

నాన్న కారుని ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మేస్త్రిగారు సాయం చేస్తానన్నారు. నేను సంపాదించిన ఇంగ్లీషు మాన్యువల్‌ని అటూ ఇటూ తిప్పి, "పుస్తకం శుభ్రంగా ఉందండి. లోపల పెట్టేసి రండి, మసవుతుంది" అన్నారు. అయినా నా చదువు ఊరుకుంటుందా? విప్పిన ప్రతి ముక్కకీ లైబ్రరీ కార్డు ఒకటి దారంతో కట్టి, నంబరు వేసి, వీధి అరుగు మీద వరసగా పేర్చాను. అందులో ముఖ్యమైనవి ఎనిమిది వాల్వులు. చిన్న గొడుగుల్లా ఉంటాయి. ఒక్కొక్కటీ ఏళ్ళ తరబడి తన చోటులోనే అరిగి దానికి అలవాటు పడి ఉంటుంది కాబట్టి వరస తప్పకూడదని మేస్త్రిగారు ఒకటికి మూడుసార్లు చెప్పారు. నా కార్డుల వైపు చూపించాను. ఆయన "ఆయ్" అన్నారు గానీ, ఆ "ఆయ్"లో అంత గౌరవం ఉన్నట్టు నాకు వినపడలేదు.

ఆరో మాసికానికి అత్తయ్య సామర్లకోట నుంచి ముందురోజే వచ్చింది. పొద్దున్నే నేను అరిటాకులకి బజారుకెళ్ళి వచ్చేసరికి అరుగు కడిగేసి, ముగ్గు పెట్టేసి ఉంది. నూతి దగ్గర ఇత్తడి చెంబుల పక్కన, చేటలో, నా ఎనిమిది వాల్వులూ ఎండలో మెరుస్తున్నాయి. చింతపండూ బూడిదా పెట్టి తోమిందట. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క సర్దింది కూడా. కార్డులు తడిసిపోతాయని విప్పేసి, జాగ్రత్తగా కట్టగట్టి గూట్లో పెట్టింది.

నేను అరిటాకులతో అలాగే నిలబడిపోయాను. ఆవిడకి నా మొహం అర్థం కాలేదు. "వాడి వస్తువులు మసితో పడుంటే చూళ్ళేకపోయానురా" అంది. అరిటాకులు వంటింట్లో పెట్టి, మేస్త్రిగారికి కబురు పెట్టాను.

మేస్త్రిగారు చేట చూసి చాలాసేపు నవ్వు ఆపుకున్నారు. ఇక ఎనిమిదింటినీ మొదటి నుంచీ అరగదీయాలన్నారు. వాల్వుకి గరుకుపొడి కలిపిన ముద్ద రాసి, దాని చోటులో పెట్టి, రబ్బరు మూతి ఉన్న కర్రని తల మీద అంటించి, రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. నాకు గంటకే చేతులు బొబ్బలెక్కాయి. అంతసేపూ చూస్తూ ఊరుకున్న అత్తయ్య, "ఇంతేనా, కవ్వమే కదా" అని కొంగు దోపి కూర్చుంది. తర్వాత ప్రతి మాసికానికీ రెండు రోజులు ఎక్కువ ఉండి, ఎనిమిదిలో అయిదు ఆవిడే అరగదీసింది. మేస్త్రిగారు పరీక్షించి, అత్తయ్యవి పాస్ చేసి, నావి రెండు మళ్ళీ చేయించారు.

అలా తిప్పుతూ ఒక ఆదివారం మేస్త్రిగారిని అడిగాను, నాన్న కూడా ఈ పని చేసేవారా అని.

"మీ నాన్నగారా? ఆయనకి ఇంజను గురించి ఏమీ తెలీదండి. బానెట్ ఎత్తి చూసేవారు. మూసేసి నాకు కబురు పెట్టేవారు."

"మరి నన్నెందుకు పిలిచేవారు?"

"ఒక్కరే ఏం చూస్తారండీ" అన్నారాయన, పని ఆపకుండా.

ఆ ముద్ద చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు, గరుకుపొడి ఉంటుంది. మోచేత్తో తుడుచుకున్నాను. ఆయన పాత బనీను గుడ్డ ఒకటి నా వైపు జరిపి, బోల్టు దేనికోసమో వెతుకుతూ షెడ్డు బయటికి వెళ్ళారు. (బోల్టులన్నీ లోపలే ఉన్నాయి.)

సంవత్సరీకం ఇంకో మూడు రోజులుందనగా ఇంజను బిగించడం అయింది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను, మేస్త్రిగారూ అత్తయ్యా పక్కన నిలబడ్డారు. మొదటిసారి దగ్గింది, రెండోసారి పొగ వదిలింది, మూడోసారి అందుకుంది. ఆ చప్పుడుకి అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చి, మా ముందు నుంచే వెళ్ళి, గేటు గడియ తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచి, పక్కకి జరిగి నిలబడింది. నాన్న ఇంటికొచ్చేటప్పటి ఇరవై ఏళ్ళ అలవాటు. వీధిలో ఎవరూ లేరు. కారు ఆవిడ వెనకాల, షెడ్డులోనే ఉంది. మేం ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకోలేదు.

అమ్మ కాసేపటికి ఇటు తిరిగింది. "గేటు తీశాను కదా. పోనీ మరి" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"నాకు డ్రైవింగ్ రాదమ్మా."

"మరి ఏడాదిపాటు ఏం చేశావురా?" అంది అమ్మ. అని, గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఇంకా కదల్లేదని గడువు గుర్తుచేసింది. మేస్త్రిగారు పక్కన కూర్చుని, ఏ కాలు ఎప్పుడు ఎత్తాలో చెప్పారు. చెప్పినదానికన్నా ముందే ఎత్తాను. కారు ఒక్క గెంతు గెంతి, మూడడుగులు ముందుకొచ్చి, ఆగిపోయింది.

అత్తయ్య చక్రం దగ్గరికి వచ్చి, వంగి నేల చూసి, "కదిలింది" అంది.

ఇప్పుడు నాకు డ్రైవింగ్ వచ్చు. ఇంజను గురించి తెలుసుకున్నదంతా మర్చిపోయాను. ఆదివారం పూట బానెట్ ఎత్తి కాసేపు చూస్తాను, మేస్త్రిగారి కొడుక్కి కబురు పెడతాను. లోపల మా అమ్మాయి ఏదో చదువుకుంటూ ఉంటుంది. పిలిస్తే వస్తున్నానంటుంది. ఇంకో పేజీ తిప్పిందని ఇక్కడి నుంచే నాకు తెలుస్తుంది. బానెట్ మాత్రం మూసెయ్యను.