అవసరం లేదు అన్న గడిలో టిక్కు

మంగాదేవి కుడికన్ను మూసుకుని మైక్రోస్కోపులోకి చూస్తోంది. గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీ అది, ఐర్లండులోని గాల్వేలో. షిఫ్టుకు నూట ఎనభై గొట్టాలు చూసి, గీత పడ్డవాటిని పక్కన పెట్టాలి. కుడికంట్లో శుక్లం. రెండు కళ్ళూ తెరిస్తే అంతా మసక. ఒక కంటితో చూస్తే లోతు తెలియదు. 2020 ఏప్రిల్లో ఆమె సరే అన్నవాటిలో రెండు వెనక్కి వచ్చాయి.

"ఏందక్కా, నీ చేతిలోంచి రెండు జారినయ్యి?" అన్నాడు సూపర్‌వైజరు తోమా. గుంటూరువాడు.

"మాస్కు ఆవిరికి అద్దం మసకేస్తంది తమ్ముడూ."

"మాస్కు కరోనా వచ్చాక కొత్తగా పెట్టుకున్నామా ఇక్కడ? జూన్ పదిహేనున కంటి పరీక్ష. అందులో పోతే బెంచీ మీంచి లేపేస్తారు. నా చేతిలో ఏం లేదు."

ఈ దేశం వచ్చిన ఎనిమిదేళ్ళకు దొరికిన ఉద్యోగం. బెంచీ పోతే మిగిలేది ప్యాకింగు.

కంటి ఆపరేషన్ కోసం జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఆమె పేరు ప్రభుత్వాసుపత్రికి రాసింది 2018 సెప్టెంబరులో. భర్త దశరథ కంపెనీ బీమా ఇచ్చింది గానీ, ముందే ఉన్న జబ్బుకు అయిదేళ్ళ దాకా పైసా ఇవ్వదు. అందుకని ఎదురుచూపే. ఇక్కడి తెలుగువాళ్ళంతా చేసే పనే చివరికి వాళ్ళూ చేశారు. పంటికైనా కంటికైనా సెలవుల్లో ఇండియా వెళ్ళి చూపించుకోవడం. మార్చి 28కి టిక్కెట్లు కొన్నారు. విజయవాడలో ఆపరేషన్‌కి రోజు కూడా ఖాయమైంది.

ఫిబ్రవరిలో ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. అపాయింట్‌మెంట్ ఇంకా కావాలా, వద్దా? టిక్ పెట్టి పంపండి. మంగాదేవి 'అవసరం లేదు' గడిలో టిక్ పెట్టింది. ఎలాగూ ఊళ్ళో చేయించుకుంటోంది, తన చోటు ఇంకెవరికైనా వస్తుంది కదా అనుకుంది. స్టాంపు అంటించి తనే పోస్టు చేసింది.

మార్చి 22 నుంచి ఇండియాకు విమానాలు ఆగిపోయాయి.

ఆసుపత్రికి ఫోను చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. జాబితాలోంచి మీ పేరు తీసేశాం, జీపీ మళ్ళీ రాయాలి. పక్కనే వింటున్న కూతురు శ్రావ్య నోరు తెరిచింది.

"యూ టిక్డ్ నో? ఆర్ యూ సీరియస్, మామ్?"

"వేరేవాళ్ళకన్నా ఉపయోగపడుద్దని పెట్టానే!"

"వేరేవాళ్ళు పెట్టారా నీకోసం?" అన్నాడు దశరథ కూతురితో జట్టు కడుతూ.

జీపీ ఫోన్లోనే మాట్లాడింది. మళ్ళీ రాస్తాను గానీ ఆశ పెట్టుకోవద్దంది. కరోనాతో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. అంతకుముందే డాక్టర్ల కొరత. కొత్తగా చేరే స్పెషలిస్టులకు పాతవాళ్ళకంటే తక్కువ జీతం, ఆ గొడవ ఏళ్ళ తరబడి తెగడం లేదు. చదువు పూర్తవగానే కుర్ర డాక్టర్లు ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నారట.

జూన్‌లో శ్రావ్య ఇంటర్నెట్లోంచి కంటి పరీక్షలో చదివించే అక్షరాల చార్టు ప్రింటు తీసి తెచ్చింది. బట్టీ కొట్టమంది. మంగాదేవి రెండు సాయంత్రాలు కొట్టింది. చివరి వరస దాకా వచ్చేసింది. ఆ గొట్టాలు వెళ్ళేది మనుషుల గుండెల్లోకి. మూడో రోజు కాగితం మడిచి వంటింటి అలమరలో పడేసింది.

పన్నెండో తేదీ షిఫ్టు అయ్యాక తోమా దగ్గరికి వెళ్ళింది.

"పరీక్ష దాకా ఎందుకు తమ్ముడూ. నాకు కుడికన్ను కనపడదు."

"నాకు ముందే అనుమానం అక్కా. నువ్వే చెప్తావని చూస్తన్నా," అన్నాడు తోమా.

సోమవారం నుంచి ప్యాకింగు. తోమాకు చెప్పిన సాయంత్రమే ఇంటికి వచ్చేసరికి ఆసుపత్రి ఉత్తరం ఉంది. మీ పేరు జాబితాలో చేర్చాం, అత్యవసరం కాదు, చేరిన తేదీ 2020 జూన్ 9. అంతకుముందు ఎదురుచూసిన పదిహేడు నెలలు అందులో లేవు.