మేనేజరుగారి మీసం, మేనకోడలి బెల్టు

మా వీధి సెలూన్లో బ్యాంకు మేనేజరుగారి మీసం ఒక సోమవారం ఉదయం ఎడమవైపు కాస్త ఎక్కువ తెగింది. సరిచేద్దామని కుడివైపు తగ్గిస్తే, ఎడమది పెద్దదిగా కనబడింది. రెండువైపులా న్యాయం జరిగేసరికి మీసమే లేకుండా పోయింది. మేనేజరుగారు మూతికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఆఫీసుకు వెళ్లి, పంటినొప్పి అన్నారు. మీసం మొలిచేదాకా ఆ నొప్పి తగ్గలేదు.

ఆ సెలూన్ ఆయన్ని మా వీధంతా రేడియో అంటుంది. మెడకు గుడ్డ కట్టింది మొదలు విప్పేదాకా ఆయన నోటికి తాళం ఉండదు. ఎప్పుడైనా కత్తి గీరుకుంటే మాత్రం రేడియో ఠక్కున ఆగిపోతుంది. మాట ఆగిందంటే నెత్తురు వచ్చిందన్నమాట, అద్దం చూడనక్కర్లేదు.

ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ ఈయన మేనకోడలే. ఆ షాపులో వెంట్రుకలు ఊడ్చిన పిల్ల. బాక్సింగ్ నేర్చుకుంటానన్నప్పుడు వాళ్లమ్మ నెత్తీ నోరూ బాదుకుంటే, "దెబ్బ తగిలితే నేను చూసుకుంటా కదక్కా" అని పూచీ పడ్డది ఈయనే. అన్నాక తప్పలేదు. రింగులో గాయాలకు నెత్తురు కట్టించే పని పట్టుదలగా నేర్చుకున్నారు. అప్పటినుంచి ప్రతి పోటీకీ షాపుకు తాళం వేసి, రింగులో ఆమె కూర్చునే మూల దగ్గర నిలబడతారు. మా జుట్లు పెరిగితే పెరగనీ.

గెలిచిన టైటిల్ నిలబెట్టుకోవాల్సిన మొదటి పోటీ వచ్చింది. మేనేజరుగారి టీవీ పెద్దది కనుక, బ్యాంకు వాళ్లతో సహా అందరం అక్కడే చేరాం. ఆయన కొత్త మీసం దువ్వుకుంటూ టీ ఇప్పించారు.

సగం పోటీ అయ్యేసరికి అవతలి పిల్ల గుద్దుకు మన పిల్ల కనుబొమ చిట్లింది. రౌండు ముగియగానే డాక్టరు చూసి, ఈ విరామంలో నెత్తురు కట్టకపోతే పోటీ ఆపేస్తానన్నాడు. ఆపితే చాంపియన్ బెల్టు అవతలివాళ్లది. ఉన్నది ఒక్క నిమిషం. రేడియో మందు అద్దిన దూది గాయంలో పెట్టి అదిమారు. నోట మాట లేదు.

గుద్దుకు బెదరని పిల్ల మావయ్య మౌనానికి బెదిరింది. మొహం పాలిపోయింది, రొప్పు ఎక్కువైంది, దూది ఎర్రబడుతూనే ఉంది.

"మాట్లాడవేం మావయ్యా? అంత లోతుగా తెగిందా?"

ఆయన వేలు కదల్లేదు. "ఇదో తెగడమా? తెగితే మన బ్యాంకు మేనేజరుగారి మీసం తెగినట్టు తెగాలమ్మా," అని ఎత్తుకున్నారు. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, జేబురుమాలు. పంటినొప్పి అని చెప్పమన్న సలహా తనదేనని కూడా ఒప్పేసుకున్నారు. రింగు పక్కన మైకు ఒక్క ముక్క పోనివ్వలేదు. మేనేజరుగారింట్లో టీ కప్పులు గాల్లో ఆగిపోయాయి. క్యాషియరు గోడకేసి తిరిగి చాలాసేపు దగ్గాడు.

తెరమీద పిల్ల బిగించిన భుజాలు దిగాయి. వాచిన మొహంలోనే నవ్వొచ్చింది. దూది తీస్తే, దాని కింద నెత్తురు కట్టింది. డాక్టరు తలూపాడు. మిగిలిన రౌండ్లు ఆమె ఆడుతూ పాడుతూ గెలిచిందంటే అబద్ధం. పళ్లు బిగబట్టి గెలిచింది. గాయం మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

సెలూన్ మళ్లీ తెరిచిన ఉదయం మొదటి బేరం మేనేజరుగారే. కుర్చీలో కూర్చున్నారు గానీ మొహం గంటుపెట్టుకునే ఉన్నారు.

"టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ విన్నారయ్యా. చెప్పడానికి ఇంకెవరి మీసమూ దొరకలేదా నీకు?"

రేడియో ఆయన మెడకు గుడ్డ కట్టి, దువ్వెన అందుకున్నారు.

"చిన్నాచితకా మీసాలకి ఆగే నెత్తురా సార్ అది?"