సున్నం కింది దూలం

నేను పిరికివాణ్ణి. ఇది నలుగురికీ తెలిసిన సంగతే కనుక దాచుకునేదేం లేదు. మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టి వాళ్ల పుట్టింటివాళ్లకి కూడా చెప్పేసింది. ఇలాంటివాణ్ణి పట్టుకుని బిలాస్‌పూర్ రైల్వేలో వేసిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కూలబోయే కప్పుల కింద నిలబడి పైకి చూడడం. క్వార్టర్లలో వానకి గోడలు నానినా, నిప్పంటుకుని గదులు కాలినా నన్ను పంపేవారు. ఏది పడగొట్టాలి, ఏది మరమ్మతుతో నిలుస్తుంది, దానికి ఎంత ఇటుక, ఎంత సిమెంటు కావాలి, ఇదంతా చూసి ఎస్టిమేటు రాయాలి.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. జనం నన్ను ఆ రెండోవాడిలాగే చూసేవారు. వాళ్లు తడిసిన పరుపులూ మసిబారిన గిన్నెలూ వాకిట్లో వేసుకుని కూర్చుంటే, నేను టేపు తీసి గోడలు కొలిచేవాణ్ణి. లోపల నా గుండె ఎలా కొట్టుకుంటోందో వాళ్లకేం తెలుసు.

నీళ్లకి పాడైన ఇల్లు కొంత నయం. ముందు మరక వేస్తుంది, తరవాత ఉబ్బుతుంది, పెచ్చులూడుతుంది, అంతా అయ్యాకే కూలుతుంది. కాలిన ఇల్లు అలా చెప్పిరాదు. పైగా మా పాత క్వార్టర్ల కప్పులన్నీ ఇనప దూలాల మధ్య ఇటుకలతో కట్టిన కమానులు. మంటకి ఇనుము సాగి గోడల్ని తోస్తుంది. దాని మీద ఫైరింజను వాళ్లు ఒక్కసారిగా చల్లటి నీళ్లు కొడితే అంతే వేగంగా ముడుచుకుంటుంది. అప్పుడు దూలం కొస గోడలో ఎంత మిగిలిందో పైకి కనబడదు. జానెడు ఉండొచ్చు, వేలెడు ఉండొచ్చు. అందుకే కాలిన ఇంటికి పిలుపు వస్తే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

ఎనభైల చివర్లో ఒక వేసవిలో, లాల్‌ఖదాన్ వైపు లైన్ల పక్కనున్న క్వార్టర్లలో ఒక గూడ్సు డ్రైవరు ఇల్లు కాలింది. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబం. ఇంట్లో ఆయన, ఆయన తల్లి, భార్య, తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన కూతురు. వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు భగ్గుమంది. మంట గుమ్మం మీదుగా నడిమి గది అటకెక్కింది. ఆ అటక నిండా సొంతూరి నుంచి రైలెక్కించి తెచ్చుకున్న ఏడాది సరుకు: నువ్వుల నూనె డబ్బాలు, బెల్లం దిమ్మలు, ఎండు చేపలు, వాటి పక్కన పాత బొంతలు. బిలాస్‌పూర్ బజార్లో నూనె దొరక్క కాదు. మనవాళ్లకి ఊరి నూనె ఊరి నూనే. ఆ నూనె సరిగ్గా దూలం కింద మండింది. డ్రైవరు భార్య చేతులు కాల్చుకుని రైల్వే ఆసుపత్రిలో చేరింది. కూతురు ఆ సమయానికి వాకిట్లో ఉంది కాబట్టి ఏమీ కాలేదు.

నేను వెళ్లేసరికి ఇల్లు తెల్లగా మెరిసిపోతోంది. తప్పు నంబరుకి వచ్చాననుకుని వెనక్కి తిరగబోయాను. డ్రైవరు తల్లి బయటికొచ్చి నన్ను పిలిచింది. సన్నగా, నిటారుగా ఉండే ముసలావిడ. మోచేతుల దాకా సున్నం మరకలు. కాలిన నలుపు చూస్తూ నిండు చూలాలు ఉండకూడదట. అందుకని ఓ కూలిమనిషిని పెట్టుకుని, తనూ చీపురు కుంచె పట్టి, నీలిమందు కలిపిన సున్నం గోడలకీ కప్పుకీ రెండు పూతలు వేసేసింది. గడపకి పసుపు రాసింది. పైగా ఆఫీసు మనిషి వస్తున్నాడని తెలిసి, కొంప మసిగా ఉంటే ఏం మర్యాద అనుకుందట.

నాకు ఏడుపొక్కటే తక్కువ. కాలిన ఇంట్లో నేను చదువుకునేది ఆ మసినే. మసి ఎక్కడ చిక్కగా పట్టింది, గచ్చు ఎక్కడ ఎర్రబడింది, పగులు ఎటు పాకింది, ఇవి చూసే ఏదైనా చెప్పగలను. ఆవిడ ఇల్లు శుభ్రం చేసి నాకు చూడ్డానికేమీ మిగల్చలేదు.

నడిమి గదిలో, సరిగ్గా ఆ దూలం కింద మంచం వేసి మనవరాలిని పడుకోబెట్టారు. కాలిన దాని బదులు కొత్తగా తగిలించిన ఫ్యాను అక్కడే ఉంది మరి. ఆ అమ్మాయి నన్ను చూసి లేవబోతే వద్దని, మంచం పక్కన నిలబడి తల పైకెత్తాను. అంతలో బయట లైను మీద బొగ్గు గూడ్సు వెళ్లింది. గూట్లో కంచాలు గలగలమన్నాయి. కప్పు నుంచి చిటికెడు సున్నం రాలి ఆ అమ్మాయి పొట్ట మీద పడింది. తను దులిపేసుకుని హిందీలో వాళ్ల నాన్నమ్మతో ఏదో మాట్లాడుతూనే ఉంది.

కర్రతో గోడ తట్టి చూశాను. వంటింటి వైపు కొసలో చప్పుడు వేరుగా వచ్చింది. దూలం వెంట దారం కట్టి చూస్తే మధ్యలో వంగి ఉంది. పాత దూలం, ఎప్పుడో వంగిందే కావచ్చు. గోడ చెక్కి దూలం కొస చూస్తే తప్ప తేలదు. ఆ మాటే ముసలావిడతో చెప్పి, మంచం కాస్త పక్కకి జరిపిస్తే మేస్త్రీని తెచ్చి చెక్కిస్తానన్నాను.

"నిండు చూలాలున్న కొంపలో గోడ కొడతారేటి బాబూ?" అంది ఆవిడ.

ఆ పట్టింపు నాకూ తెలుసు. మా ఇళ్లలోనూ కడుపుతో ఉన్న మనిషి ఉంటే గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. పోనీ కింద దుంగలు నిలబెట్టి దూలానికి ఆపు చేద్దామన్నాను. దుంగ బిగియాలంటే సుత్తి దెబ్బ పడాల్సిందే కనుక అదీ వద్దంది. పిల్లని పక్క క్వార్టరుకి పంపమన్నాను. నెలలు నిండినదాన్ని ఇల్లు దాటించేది లేదంది. పురుడైపోయాక ఇల్లంతా తవ్వుకోమంది. పై ఆఫీసరుకి రాసి ఖాళీ చేయించొచ్చు. కానీ ఆ కాగితం బల్లలన్నీ తిరిగి వచ్చేలోపు కాన్పు కాదు, బారసాల కూడా అయిపోతుంది.

బయటికి వచ్చేశాను. ముందు వరండాకి వేరే రేకుల కప్పు. అక్కడ కూర్చుని మరి లేవలేకపోయాను. ఒళ్లంతా చెమట. ఇంతలో డ్రైవరు డ్యూటీ దిగి వచ్చాడు. నా వాలకం చూసి నవ్వి, ఎండ దెబ్బా అనడిగాడు. సంగతి చెప్పాను. తన చిన్నప్పటి నుంచీ ఆ దూలం అలాగే ఉందనీ, పిల్ల దర్జాగా పడుకుంటే ఇన్‌స్పెక్టరు బాబు వణుకుతున్నాడనీ, ఇంతకీ పురుడు ఎవరికి అని వేళాకోళమాడాడు. అనుమానం పెనుభూతం అంటారు, ఆ మాటా అన్నాడు. నాకు సిగ్గేసింది. అయినా లోపలికి రమ్మంటే వెళ్లలేకపోయాను.

ముసలావిడ మాత్రం నవ్వలేదు. మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి, ఆ గ్లాసు తొణకడం చూసింది. ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నిజంగా బయిమేస్తందా బాబూ, లేపోతే ఆఫీసు మాటా?"

"నిజంగానే మామ్మగారూ. ఆ గదిలో మళ్లీ నిలబడమంటే నా వల్ల కాదు."

కొడుకు ఏదో అనబోతే చేత్తో ఆపింది. నేను ఇన్‌స్పెక్టరు హోదాలో చెప్పినవన్నీ కొట్టిపారేసిన మనిషి, నా చేతుల వణుకుని మాత్రం కొట్టిపారెయ్యలేదు. లేచి లోపలికి వెళ్లి, మనవరాలిని లేపి, మంచం తనే ఒక వైపు పట్టుకుని వరండాలో వేయించింది. వరండా అయితే ఇల్లు దాటినట్టు కాదు కదా అంది. నడిమి గదికి గొళ్లెం పెట్టింది.

కాన్పయ్యేవరకు నేను మనిషిని కాను. ఎక్కడ రైలు వెళ్తున్న చప్పుడు వినబడినా ఆ కప్పే కళ్ల ముందు. ఇంట్లో మా గోడల్ని కూడా కర్రతో తట్టి చూసుకునేవాణ్ణి. మా ఆవిడ మొదట నవ్వి, తరవాత విసుక్కుని, చివరికి ఆ కర్ర దాచేసింది. ఇంకో భయం కూడా ఉండేది. ఆ కప్పు ఏమీ కాకుండా నిలబడి ఉంటే, ఎండల్లో చూలాలిని వరండాలో పడేసినవాణ్ణని నన్ను తిట్టుకుంటారు. ఆ తిట్లే రావాలని కోరుకున్నాను.

రైల్వే ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా అక్కడ ఉండగానే పక్కనున్న మస్తూరీ నుంచి వచ్చే మేస్త్రీని తీసుకుని వెళ్లాను. పట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగలు మోయించాం. గోడ చెక్కేముందు ఆపు పెట్టాలి. ఎక్కడ నిలబెట్టాలో చూపించడానికి నేనూ లోపలికి వెళ్లక తప్పలేదు. దుంగ దూలం కిందికి ఆనించాం. అది బిగియడానికి మేస్త్రీ అడుగున చెక్క ముక్క దూర్చి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. పెద్ద దెబ్బ కూడా కాదు.

పైనుంచి పిండిలాగా సున్నం రాలడం మొదలైంది. మేస్త్రీ నా కంటే అనుభవం ఉన్నవాడు. "భాగో సాబ్" అని నా చొక్కా పట్టి లాగాడు. మేం గుమ్మం దాటుతుండగా వంటింటి వైపు కొస గోడలోంచి జారిపోయింది. దూలం, దాని మీది ఇటుకలు, కమానుకి కమాను, అన్నీ కలిసి నేల మీదికి వచ్చేశాయి. మేస్త్రీ మడమకి ఇటుక తగిలి చెక్కుకుపోయింది. నాకు దెబ్బేమీ తగల్లేదు. కానీ నేను ఏడుస్తున్నానని అతను చెప్పేదాకా నాకు తెలీదు.

దుమ్ము తగ్గాక చూస్తే ముసలావిడ వాకిట్లో నిలబడి ఉంది. ఆసుపత్రికి పట్టుకెళ్లే కారియరు చేతిలోనే ఉంది. గది మధ్యలో ఇటుకల గుట్ట. ఇదివరకు మంచం ఉన్నది అక్కడే.

"నానే దాన్నక్కడ పడుకోబెట్టినాను బాబూ," అంది.

"నేను ఆ మంచం పక్కనే సుత్తి వేయిద్దామనుకున్నాను మామ్మగారూ," అన్నాను.

అప్పటిదాకా ఆ సంగతి నాకే తట్టలేదు. గోడ చెక్కడానికి ఆ రోజు ఆవిడ ఒప్పుకుని ఉంటే, మంచం ఒక మూలకి జరిపించి, ఆ పిల్ల చూస్తుండగానే దెబ్బ వేయించేవాణ్ణి. పడిన ఇటుకలు ఆ మూలని కూడా వదల్లేదు. ఆవిడ పట్టింపు నా సుత్తిని ఆపింది. నా భయం ఆవిడ మంచాన్ని కదిపింది. ఇద్దరం తెలిసి చేసిందేమీ లేదు. ఇద్దరం ఆ వాకిట్లోనే కూర్చుండిపోయాం. కారియర్లో పథ్యం చల్లారిపోయింది.

నా ఎస్టిమేటు మీదే కొత్త కప్పు వేశారు. ఈసారి సిమెంటు స్లాబు. పని జరిగినన్నాళ్లూ వాళ్లని వేరే క్వార్టర్లో ఉంచారు. అక్కడ ముసలావిడ కప్పు కింద పడుకోవడం మానేసిందని డ్రైవరు చెప్పాడు. వానలు మొదలయ్యాక కూడా చూరు కిందే కూర్చునేదట. పసిదాన్ని లోపల పడుకోబెడితే అరగంటకోసారి ఎత్తుకుని బయటికి తెచ్చేసేదట. డ్రైవరు ఈసారి వేళాకోళమాడలేదు. వాళ్లమ్మకి ఒకసారి ధైర్యం చెప్పి వెళ్లమని నన్నే బతిమాలాడు. ధైర్యం చెప్పడానికి ఊరంతటిలోకీ నేను దొరికాను.

కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజు నన్ను రమ్మని కబురు పంపారు. డ్రైవరూ, చేతులు మానిన ఆయన భార్యా, బాలింతరాలైన కూతురూ వంటింట్లోకి వెళ్లిపోయారు. ముసలావిడ మాత్రం మునిమనవరాలిని భుజాన వేసుకుని నడిమి గది గడప బయటే నిలబడిపోయింది. నన్ను ముందు వెళ్లమంది.

"నువ్వు కట్టించినదే కదా బాబూ. నువ్వు నిలబడు, నాను సూస్తాను."

వెళ్లి గది మధ్యలో నిలబడ్డాను. ఆవిడ కప్పు వైపు చూడలేదు. నా మొహమే చూస్తోంది. ఇనుము ఎంత వేశానో, సిమెంటు ఎంత కలిపించానో నాకు తెలుసు. దగ్గరుండి తడిపించాను కూడా. అయినా నా చేతులు నా మాట వినలేదు.

"బయిమేస్తందేటి?"

లేదని అనాలి. అనడానికే పిలిచారు. కానీ ఆ ఇంట్లో నా మాట చెల్లింది ఒక్కసారే, అదీ నేను నిజం చెప్పినందుకు.

"వేస్తోంది మామ్మగారూ. ఇది నాకు రోజూ వేసే భయమే. ఆ రోజుది ఇలా లేదు."

ఆవిడ చేతులు చాచి, పసిదాన్ని గడప మీదుగా నాకు అందించింది. సరిగ్గా అప్పుడే బొగ్గు గూడ్సు వచ్చింది. గూట్లో కంచాలు గలగలమన్నాయి. ఆ పిల్లని గుండెకి ఆనించుకుని, తల మీద నా అరచెయ్యి అడ్డం పెట్టి, నేను వేసిన కప్పు కింద కదలకుండా నిలబడ్డాను.

చప్పుడు పూర్తిగా ఆగిపోయాక ముసలావిడ గడప దాటి లోపల కాలు పెట్టింది.